కడప నుంచి కువైట్‌కు దూరమెంత, ప్రయాణం ఎన్ని గంటలు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక కడప జిల్లా పేజీల్లో గల్ఫ్ విమానాల వేళల గురించి తరచుగా వార్తలు, వాటి పక్కనే ట్రావెల్ ఏజెంట్ల ప్రకటనలు వస్తుంటాయి. వాటిలో విమానం ఎన్ని గంటలకు బయల్దేరుతుందో, ఎన్ని గంటలకు దిగుతుందో ఉంటుంది గాని, మనిషి గాలిలో ఎంతసేపు ఉంటాడో, కడపలో ఇల్లు విడిచిన దగ్గర్నుంచి కువైట్‌లో గది చేరేదాకా ఎంతకాలం పడుతుందో ఎక్కడా ఉండదు. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, పుల్లంపేట, చిట్వేలి ప్రాంతాల నుంచి కువైట్‌కు మనుషులు పోని ఊరు అరుదు. వారిలో ఇంటి పనికి పోయే ఆడవాళ్లు, డ్రైవర్లు, మేస్త్రీలు ఎక్కువ. టికెట్ ఇంగ్లీషులో ఉంటుంది, దాన్ని చదివి చెప్పేవారు ఊరికి ఒకరిద్దరు ఉంటారు. అందువల్ల ఈ దూరం, ఈ గంటల లెక్క మీ పాఠకులకు స్పష్టంగా తెలియాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. టికెట్ చూసి చెప్పమని మా వీధివాళ్లు ఇప్పటికీ నా దగ్గరకే వస్తారు.

మొదట గడియారం సంగతి. భారతదేశపు సమయం గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది, కువైట్ సమయం మూడు గంటలు ముందుంటుంది. అంటే మన గడియారం వారి గడియారం కంటే ఎప్పుడూ రెండున్నర గంటలు ముందే నడుస్తుంది. విమాన టికెట్ మీద బయల్దేరే వేళను బయల్దేరే ఊరి గడియారం ప్రకారం, దిగే వేళను దిగే ఊరి గడియారం ప్రకారం ముద్రిస్తారు. ఉదాహరణకు చెన్నైలో ఉదయం 8 గంటలకు ఎక్కితే కువైట్‌లో 10.30కి దిగుతారని టికెట్‌పై ఉందనుకుందాం. చదివినవారికి అది రెండున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. నిజానికి ఆ మనిషి కువైట్‌లో దిగే వేళకు కడపలో మధ్యాహ్నం ఒంటిగంట అవుతుంది, అంటే ప్రయాణం అయిదు గంటలు. తిరుగు టికెట్‌లో ఇదే తారుమారవుతుంది. కువైట్‌లో రాత్రి 10 గంటలకు ఎక్కి చెన్నైలో మరునాడు ఉదయం 5 గంటలకు దిగితే ఏడు గంటలు ప్రయాణించినట్టు కనిపిస్తుంది గాని, అసలు ప్రయాణం నాలుగున్నర గంటలే. పోయేటప్పుడు టికెట్‌లో కనిపించే తేడాకు రెండున్నర గంటలు కలపాలి, వచ్చేటప్పుడు కనిపించే తేడాలోంచి రెండున్నర గంటలు తీసివేయాలి. ఈ ఒక్క లెక్క తెలిస్తే టికెట్ మీద సగం గందరగోళం తొలగిపోతుంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. ఇన్సులిన్ వేసుకునేవారు, వేళ ప్రకారం రక్తపోటు మాత్రలు వేసుకునేవారు మన ప్రయాణికుల్లో చాలామంది ఉన్నారు. పడమటికి పోయిన రోజు వారికి ఇరవై నాలుగు గంటలది కాదు, ఇరవై ఆరున్నర గంటలది. ఆ రోజు మందు ఏ వేళకు వేసుకోవాలో బయల్దేరేముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి. రంజాన్ మాసంలో ఉపవాసంతో పగటి విమానం ఎక్కేవారికి ఇది ఇంకా అవసరం. కడప సుమారు 79 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, కువైట్ 48 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఒక్కో డిగ్రీకి సూర్యుడు నాలుగు నిమిషాలు ఆలస్యమవుతాడు కాబట్టి, సూర్యాస్తమయం కోసం ఇంట్లో ఉన్నవారికంటే వారు దాదాపు రెండు గంటలు ఎక్కువ ఎదురుచూడవలసి వస్తుంది.

గంటల కంటే ఎక్కువ నష్టం చేసేది తేదీ. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు బయల్దేరతాయి. మా వీధిలోనే ఒక కుటుంబం తమ అబ్బాయి టికెట్‌ను పాస్‌పోర్టుతో కలిపి ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకుంది. దాని మీద 15వ తేదీ, 00:40 అని ఉంది. ఆ సున్నాలకు అర్థం ఏమిటో ఏజెంటు చెప్పలేదు. వాళ్లు 15వ తేదీ ఉదయం పూజ చేసుకుని, జీపు మాట్లాడుకుని, సాయంత్రానికి చెన్నై విమానాశ్రయం చేరారు. అప్పటికి విమానం వెళ్లిపోయి పదహారు గంటలు దాటింది. “పదహైదో తేదీ అని రాసుంటే పదహైదో తేదీనే గదా సార్ పోయేది” అని ఆ తల్లి నన్ను అడిగినప్పుడు ఆమె మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు. 14వ తేదీ రాత్రి తొమ్మిదింటికే విమానాశ్రయంలో ఉండాలని టికెట్ అమ్మినవారు తెలుగులో ఒక్క వాక్యం రాసి ఇచ్చి ఉంటే, కొత్త టికెట్ కోసం ఆ ఇంటివాళ్లు మళ్లీ అప్పు చేయవలసిన అవసరం వచ్చేది కాదు. తిరుగు టికెట్‌లో దిగే వేళ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే “+1” గుర్తు కూడా ఇలాంటిదే. దిగేది మరునాడు అని దాని అర్థం. దాన్ని గమనించక ఒకరోజు ముందే విమానాశ్రయానికి పోయి, చంటిపిల్లలతో బయట కాచుకుని కూర్చునే కుటుంబాలు ఉన్నాయి.

ఇక పోవడానికి అయిదు గంటలైతే రావడానికి నాలుగున్నరే ఎందుకన్న ప్రశ్న. ఇది చాలామంది అడిగేదే. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి, పడమటికి పోయేటప్పుడు కువైటే మనకు ఎదురు వస్తుందని, అలా అయితే పోవడమే తొందరగా కావాలని కొందరు వాదిస్తారు. భూమితోపాటు దాని మీది గాలి కూడా తిరుగుతుంది, విమానం ఆ గాలిలోనే ఎగురుతుంది, కాబట్టి ఆ వాదం నిలవదు. తేడా తెచ్చేది పైన వీచే గాలులు. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా, గల్ఫ్ ప్రాంతం మీదుగా, నేల నుంచి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు జెట్ గాలులు బలంగా వీస్తాయి. విమానాలు ఎగిరేదీ దాదాపు ఆ ఎత్తులోనే. గాలిలో గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి దారి పొడవునా సగటున గంటకు 80 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందనుకుంటే, నేల మీద లెక్కకు దాని వేగం 750 అవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తే 910 అవుతుంది. 3,700 కిలోమీటర్ల పైబడిన దూరానికి ఈ తేడా యాభై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది.

వానాకాలంలో పరిస్థితి మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ భారతం మీద చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమటికి వీచే మరో జెట్ గాలి ఏర్పడుతుంది. పడమటి జెట్ గాలులు అప్పటికి ఉత్తరానికి జరిగిపోయి ఉంటాయి. ఈ తూర్పు జెట్ గాలి ఉనికిని 1950వ దశకంలో గుర్తించి ప్రపంచానికి తెలియజేసిన శాస్త్రవేత్త, తర్వాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పి. కోటేశ్వరం. మన నైరుతి రుతుపవనాలను అర్థం చేసుకోవడంలో ఆయన పరిశోధనకు పెద్ద స్థానం ఉంది. ఆ నెలల్లో కువైట్‌కు పోయే విమానానికి దారిలో మొదటి భాగంలో ఆ గాలి కొంత సాయం చేస్తుంది గనుక పోయే కాలానికి, వచ్చే కాలానికి మధ్య తేడా తగ్గుతుంది. కాబట్టి జనవరిలో పోయివచ్చినవారు చెప్పే గంటలు, ఆగస్టులో పోయివచ్చినవారు చెప్పే గంటలు ఒకటి కాకపోతే ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు.

ఇంకో మాట. టికెట్ మీద ఉండే కాలం కేవలం ఎగిరే కాలం కాదు. విమానం తన నిలుపు స్థానం విడిచినప్పటి నుంచి అవతల నిలుపు స్థానంలో ఆగేదాకా ఉన్నదంతా అందులో కలిసే ఉంటుంది. రన్‌వే దాకా మెల్లగా పోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, పైకి ఎక్కడం, దిగడం అన్నీ అందులోవే. అందుకే దూరాన్ని వేగంతో భాగించి వచ్చిన అంకెను చూసి టికెట్ తప్పని అనుకోరాదు. దానికి అర్ధగంటో, ఇంకాస్త ఎక్కువో చేర్చి చూడాలి.

దూరం విషయానికి వస్తే, ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. కడప నుంచి కువైట్‌కు గాలిలో నేరుగా కొలిస్తే దూరం సుమారు 3,560 కిలోమీటర్లు. దీన్ని ఎవరైనా ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. పాఠశాలల్లో ఉండే, ముప్పై సెంటీమీటర్ల అడ్డుకొలత గల గ్లోబు తీసుకుని, కడప ఉన్న చోట దారం కొసను వేలితో అదిమి, రెండో కొసను కువైట్ దాకా బిగించి లాగి, ఆ దారాన్ని స్కేలు మీద పెడితే ఎనిమిదిన్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. అలాంటి గ్లోబు మీద ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లకు సమానం. గుణించి చూస్తే లెక్క సరిపోతుంది. తరగతిలో పిల్లలతో ఈ పని చేయించినప్పుడల్లా వాళ్లు మొదట కొలిచేది తమ నాన్న ఉన్న ఊరినే. గోడమీది పటంలో స్కేలు పెట్టి గీసిన గీత కంటే గ్లోబు మీది దారం కొద్దిగా ఉత్తరానికి వంగి పోతున్నట్టు కనిపిస్తుంది, నిజమైన దగ్గరిదారి ఆ దారం చూపించేదే. విమానాలు వీలైనంతవరకు ఆ దారినే పట్టుకుంటాయి.

అయితే కడప నుంచి కువైట్‌కు నేరుగా విమానం లేదు. కడప విమానాశ్రయంలో 2015 జూన్ 7న ప్రయాణికుల సేవలు మొదలయ్యాయి. 2017 ఏప్రిల్ 27న చిన్న పట్టణాలకు విమానాలు నడిపే ఉడాన్ పథకం తొలి సర్వీసులను ప్రధాని ప్రారంభించినప్పుడు వాటిలో కడప–హైదరాబాద్ కూడా ఒకటి. అవన్నీ దేశంలోపలి విమానాలే. కాబట్టి కువైట్ పోయే మనిషి ముందు చెన్నైకో, బెంగళూరుకో, హైదరాబాద్‌కో చేరాలి. అక్కడినుంచి కువైట్‌కు గాలిలో దూరం చెన్నై నుంచి సుమారు 3,775, బెంగళూరు నుంచి 3,545, హైదరాబాద్ నుంచి 3,370 కిలోమీటర్లు. ఈ మూడు అంకెలను మాత్రమే చూస్తే హైదరాబాదే మేలనిపిస్తుంది. కాని కడప నుంచి హైదరాబాద్‌కు రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైచిలుకు ఉంది, చెన్నైకి, బెంగళూరుకు 260 ప్రాంతం. గాలిలో నాలుగువందల కిలోమీటర్లంటే అర్ధగంట, రోడ్డు మీద ఏడెనిమిది గంటలు. ప్రకటనల్లో కనిపించని లెక్క ఇదే.

విమానాశ్రయం నగరానికి ఏ వైపు ఉందన్నది కూడా మనవాళ్లు ఆలోచించవలసిన సంగతి. చెన్నై విమానాశ్రయం మీనంబాకంలో, నగరానికి దక్షిణాన ఉంది. రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు దారిన పోయే మనం ఉత్తరం వైపునుంచి వస్తాం గనుక నగరాన్ని దాటుకునో, చుట్టుకునో పోవలసిందే. సాయంత్రం వేళ ఆ చివరి ముప్పై కిలోమీటర్లకు పట్టే కాలం ఎవరూ ముందుగా చెప్పలేరు. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, నగరానికి ఉత్తరాన ఉంది. రాయచోటి వైపువాళ్లు మదనపల్లె, చింతామణి, శిడ్లఘట్ట మీదుగా పోతే బెంగళూరు నగరంలోకి అడుగు పెట్టకుండానే విమానాశ్రయం చేరవచ్చు. హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌లో, నగరానికి దక్షిణాన, అంటే కర్నూలు వైపునుంచి వచ్చేవారికి ముందే తగులుతుంది. నా అభిప్రాయంలో రాయచోటి, గాలివీడు, లక్కిరెడ్డిపల్లె వారికి బెంగళూరు, రాజంపేట, కోడూరు వారికి చెన్నై, మైదుకూరు, ప్రొద్దుటూరు వైపువారికి టికెట్ ధరను బట్టి హైదరాబాద్ కూడా అనుకూలం. ఏజెంటు ఏ నగరానికి టికెట్ ఇస్తే ఆ నగరానికి పోవడం కాకుండా ఇంటినుంచి లెక్క వేసి అడగాలి.

మొత్తం కలిపి చూస్తే ఇలా ఉంటుంది. కడప నుంచి చెన్నై విమానాశ్రయానికి బస్సులోనో జీపులోనో ఆరు గంటలు పడుతుంది. విదేశీ విమానానికి మూడు గంటల ముందే చేరాలి. విమానంలో అయిదు గంటలు గడుస్తాయి. అవతల ఇమ్మిగ్రేషన్, సామాన్లు, గది చేరడం గంటన్నర, రెండు గంటలు. పదిహేను, పదహారు గంటల ప్రయాణమన్నమాట. ఇంట్లో బయల్దేరేముందు తిన్న ముద్ద తర్వాత మళ్లీ సరైన భోజనం ఎప్పుడన్నది ఆ లెక్కను బట్టి ముందే నిర్ణయించుకోవాలి. టికెట్‌లో భోజనం ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

మధ్యలో మరో ఊరిలో మారే టికెట్లు చవకగా దొరుకుతాయి, చాలామంది వాటినే కొంటారు. అది తప్పని చెప్పలేను, పదివేల రూపాయలు మిగిలితే అది ఇంట్లో పిల్లల ఫీజు. కాని ఏం కొంటున్నామో తెలిసి కొనాలి. చెన్నై నుంచి కొలంబో మీదుగా పోతే మొదట కువైట్‌కు ఎదురు దిశలో 650 కిలోమీటర్లు దక్షిణానికి పోయి, అక్కడినుంచి 4,100 కిలోమీటర్లకు పైగా మళ్లీ వాయువ్యానికి రావాలి. నేరు దారి కంటే ఇది వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. షార్జా మీదుగా పోతే దూరం అంతగా పెరగదు గాని గడియారాలు మూడవుతాయి, ఎందుకంటే అక్కడి సమయం మనకంటే గంటన్నర వెనక, కువైట్ కంటే గంట ముందు. ఒకే టికెట్‌గా కాక రెండు వేర్వేరు టికెట్లుగా కొన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమైతే రెండోదానికి సాధారణంగా ఎవరూ బాధ్యత వహించరు. ఈ ఒక్క సంగతి మాత్రం కొనేముందే అడిగి తీరాలి.

దూరం అన్నది రాజకీయ పరిస్థితులను బట్టి కూడా మారుతుందని మన జిల్లాకు తెలిసినంతగా మరెవరికీ తెలియకపోవచ్చు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అక్కడి విమానాశ్రయం మూతపడింది. అక్కడున్న భారతీయుల్లో ఎక్కువమంది ఎడారి దారిలో బస్సుల మీద బాగ్దాద్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడ గుడారాల్లో వంతు కోసం కాచుకున్నారు. అమ్మాన్ నుంచి బొంబాయికి 4,117 కిలోమీటర్లు. 59 రోజుల్లో 488 విమానాలతో లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను స్వదేశానికి చేర్చారు. 2025 జూన్ 23 రాత్రి కువైట్ సహా కొన్ని గల్ఫ్ దేశాలు తమ గగనతలాన్ని కొన్ని గంటలపాటు మూసివేసినప్పుడు, విమానం ఎక్కినవారు ఎక్కడ దిగారో తెలియక ఇక్కడి ఇళ్లలో ఫోన్ల మీద ఫోన్లు చేసుకున్నారు. అలాంటి రాత్రుల్లో మామూలుగా ఎన్ని గంటలు పడుతుందో తెలిసి ఉంటే, ఆలస్యం నిజంగా ఆలస్యమా, లేక గడియారాల తేడా మాత్రమేనా అన్నది ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

అందువల్ల మీకు నా మనవి ఇది. గల్ఫ్ విమానాల వేళలు ప్రచురించిన ప్రతిసారీ బయల్దేరే వేళ, దిగే వేళల పక్కన “ప్రయాణ కాలం ఇన్ని గంటలు” అని మరో అంకె చేర్చండి. దిగే వేళ ఏ దేశపు గడియారం ప్రకారమో బ్రాకెట్లో రాయండి. అర్ధరాత్రి దాటాక బయల్దేరే విమానమైతే “ముందురోజు రాత్రి ఇన్ని గంటలకే విమానాశ్రయంలో ఉండాలి” అని తెలుగులో స్పష్టంగా వేయండి. ఏజెంట్ల ప్రకటనలకు కూడా ఇదే నియమం పెట్టండి. ప్రకటన డబ్బిచ్చి వేసుకున్నదే అయినా, దాన్ని నమ్మి బయల్దేరేది మీ పాఠకులే. ఏడాదికొకసారి, సంక్రాంతికో రంజాన్‌కో ముందు, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ విమానాశ్రయాలకు మన నియోజకవర్గ కేంద్రాల నుంచి రోడ్డు దూరం, పట్టే కాలం, అక్కడినుంచి కువైట్, దుబాయి, దోహా, రియాద్‌లకు ఎగిరే కాలం కలిపి ఒక పట్టిక ప్రచురిస్తే, దాన్ని కత్తిరించి పాస్‌పోర్టు కవరులో పెట్టుకునే ఇళ్లు మన జిల్లాలో వేలల్లో ఉంటాయి. ఆ పట్టిక తయారీకి మీ విలేఖరులకు నావంటివారి సాయం కావలసివస్తే సంతోషంగా చేస్తాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కడప.